గట్టు మీద వయ్యారిభామ

అన్నదమ్ములు పొలం పంచుకున్నాక తోటికోడళ్ళిద్దరూ గట్టు దగ్గర ఎదురుపడటం ఇదే మొదటిసారి. ఇద్దరి మధ్యా గట్టు మీద వయ్యారిభామ కలుపు నడుమెత్తు పెరిగి, తెల్లగా పూసి ఉంది.

“ఏమే, మీ వేరుశనగ చేలో కూడా మొవ్వులు మాడినయ్యా?” పెద్దామే ముందు పలకరించింది.

“మాడినయ్ అక్కా. పీకి చూస్తే నేల్లోకి దిగిన ఊడలే గానీ కాయల్లేవు. వైరస్ అంట. ఈ వయ్యారిభామ మీద నుంచే పురుగులు చేలోకి మోసుకొస్తయ్యంట.”

పెద్దామె ‘అక్కా’ అన్న ఆ పిలుపు విని ఎన్నాళ్ళయిందో!

“మరి పీకలేకపోయావా?”

“గట్టు మీ వాటాదేమోనని ముట్టుకోలా.”

“నేనూ మీదేమోననే ఊరుకున్నా. అత్త ఉన్నప్పుడు ఒక్క మొక్క మొలవనిచ్చేదా? చెరో కొస నుంచి పీక్కుంటా వచ్చి నడిమధ్యన కలిసేవాళ్ళం.”

“కలిసినకాడే కూర్చుని పచ్చికాయలు కాల్చుకునేవాళ్ళం. నువ్వు ఒలిచి నా ఒళ్ళో పోసేదానివి.”

“ఈ ఏడు ఒలవటానికి కాయలెక్కడివే?”

“నాకు కావాల్సింది కాయలు కాదులే అక్కా.”

పెద్దామె కొంగు నడుముకు బిగించి, గట్టు ఈ కొసకు నడిచి, వంగి మొదటి మొక్క పీకింది. అక్కడి నుంచే కేకేసింది.

“ఏందే, అట్టా చూస్తా నిలబడ్డావ్? నువ్వు ఆ కొస నుంచి రా!”