గురప్ప తీసివేతల లెక్క

పూతలపట్టు కూడలిలో, చెంగయ్య టీ అంగడి ముందర బొగ్గుబస్సు నిలబడి అప్పటికి అరగంట అయింది. యుద్ధం పుణ్యమా అని పెట్రోలు లేదు, బస్సు ఎనకాల కట్టిన బొగ్గుపొయ్యి రాజుకుంటేనే బండి కదిలేది. క్లీనరు చెమటలు కక్కుకుంటా పొయ్యికి గాలి కొట్టే చక్రం తిప్పతా ఉండాడు. అది రాజుకునిందంటే బస్సు చిత్తూరికి పోతాది. పోయిందంటే మళ్లీ బస్సు రేపే. చంద్రకాంతమ్మ ఒక కన్ను బస్సు మీద, ఒక కన్ను అంగడి మీద పెట్టుకుని నిలబడి ఉండాది.

నగరిలో మగ్గం నేసే మునిస్వామి కూతురామె, ఇంటికి తిరిగి పోవాలన్నా ఆ బస్సే గతి. మద్రాసులో ఇంటరు పాసయింది, ఫిజిక్సులో క్లాసుకంతా మొదటిది. పాసయి ఏం లాభం? పని కోసరం మూడు బడులకు పోతే మూడు చోట్లా "ఆడమనిషి లెక్కలు చెప్తే మగపిల్లోళ్లు వింటారా తల్లీ?" అని ఇంత మజ్జిగ ఇచ్చి సాగనంపినారు. పూతలపట్టు కొత్త హైస్కూలు నాలుగోది. ఇదీ తప్పిపోతే వచ్చి మగ్గం పట్టుకోమని నాయన చెప్పేసినాడు. కోపంతో కాదు, పాపం, ఆయనకు చూపు ఆనడం లేదు.

ఆ బడికి ప్రెసిడెంటు మునివెంకటప్ప. ఆయన కష్టం ఆయనది. ఉన్న ఒక్క లెక్కల అయ్యవారూ పట్టాళంలో చేరిపోయినాడు. పోయినసారి ఇన్‌స్పెక్టరు వచ్చి రెండు రైళ్ల లెక్క అడిగితే క్లాసు క్లాసంతా దూలాలు లెక్కబెట్టుకుంటా కూర్చునింది. సోమవారం మళ్లీ వస్తాడంట, ఆ పొద్దుకి రిలేటివ్ వెలాసిటీ చెప్పే అయ్యవారు లేకపోతే బడికి గుర్తింపు లేదని రాసి పోతాడంట. అందుకే మునివెంకటప్ప పేరు రాసేచోటు ఖాళీగా వదిలిన ఆర్డరు కాగితం జేబులో పెట్టుకుని తిరగతా ఉండాడు. చంద్రకాంతమ్మ అంగడి అరుగు మీద కూర్చున్న ఆయన ముందరికి పోయి దండం పెట్టి నోరు తెరిచిందో లేదో, ఆయన చెయ్యెత్తినాడు.

"ఉండమ్మా రవ్వంత. ఈయన మంచి పట్టులో ఉండాడు."

ఆ మంచి పట్టులో ఉండేది గురప్ప. ఐదో ఫారంలో మూడేండ్లు కూర్చుని, బడికే విసుగొచ్చి బయటకొచ్చిన మనిషి. నడి ఎండాకాలంలో కూడా నల్లకోటు విప్పడు. మాటకు ముందొక ఒట్టు, మాట ఎనకాల ఒక ఒట్టు పెడతాడు గానీ కాణిపాకం వినాయకుడి మీద మాత్రం పెట్టడు. ఆ సామి మరీ దగ్గర, కల్ల ఒట్టు పెడితే ఊరుకోడు. ఆ ఆర్డరు కాగితం మీద గురప్పకు వారం దినాలుగా కన్నుండాది.

"రిలేటివ్ వెలాసిటీనా? ఏముండాదన్నా అందులో, తీసివేత!" అంటా ఉండాడు గురప్ప. "పోయిన నెల భాకరాపేట కనుమలో ఇట్లాంటి బొగ్గుబస్సే, ఎక్కలేక మూలగతా ఉంటే డ్రైవరు అందరినీ దిగి నడవమన్నాడు. అందరూ దిగినారు, నేనూ దిగినా, దిగి ఊరికే ఉంటానా? లెక్క కట్టినా. బస్సు గంటకు మూడు మైళ్లు, నా నడక నాలుగు, ఇద్దరిదీ ఒకటే దిక్కు. తీసివెయ్, ఒకటి! బస్సులో కూర్చున్న డ్రైవరుకు నేను గంటకొక మైలు లెక్కన ముందుకు పోతా ఉన్నట్టు. నేను కనుమ పైకి చేరి, ఒక కునుకు తీసి లేచినాక గదా బస్సు వచ్చింది!"

చంద్రకాంతమ్మ మనసులోనే ఆ లెక్క మళ్లీ కట్టి చూసింది. లెక్క సరిగ్గానే ఉండాదే! ఈయనకు నిజంగానే వచ్చేటట్టుంది.

"అబ్బో!" అన్నాడు మునివెంకటప్ప, కాగితం జేబులోంచి తీసి తొడమీద పెట్టుకుంటా.

కాగితం చూసేటప్పటికి గురప్ప గొంతు ఇంకొక మెట్టు ఎక్కింది.

"ఇదేముంది! పాకాలలో జరిగింది వినండి, అమ్మతోడు. నేను రైల్లో పోతా ఉండా, పక్క పట్టాల మీద ఇంకొక రైలు, అదీ మా దిక్కుకే. అందులో కిటికీ కాడ మా బామ్మర్ది, వాడి ఒళ్లో చిత్రాన్నం క్యారేజీ. నాకా ఆకలి దంచతా ఉండాది. మా రైలు ముప్పై మైళ్లు, వాళ్లది ముప్పై. తీసివెయ్, సున్నా! సున్నా అంటే ఏంది? రెండూ నిలబడినట్టే గదా! మీరు ఈ అరుగు మీదనుంచి ఆ అరుగు మీదికి ఎట్ల దాటుకుంటారో అట్ల దాటుకున్నా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? కూర్చుని తిన్నా, చెయ్యి కడుక్కున్నా, మళ్లీ దాటుకుని మా రైల్లోకి వచ్చి చూస్తే నా చోట్లో నా తువాలు ఉన్నది ఉన్నట్టే ఉండాది."

"గాలి కొట్టలేదా అప్పా?" అన్నాడు శనక్కాయల మూట మీద కూర్చున్న కుప్పయ్య.

"గాలీ ముప్పై మైళ్లే. దాన్నీ తీసేసినా."

"చెంగయ్యా, గురప్పకు ఇంకొక టీ!" అన్నాడు ప్రెసిడెంటు. అని పెన్ను మూత తీసినాడు.

అవతల క్లీనరు చక్రం గిరగిర తిరగతా ఉండాది, పొగ గొట్టంలో తెల్లటి ఆవిరి మొదలయింది. చంద్రకాంతమ్మ ఇంకొకసారి "అయ్యా" అనింది. ఎవురికీ వినపడలేదు, ఎందుకంటే గురప్ప అప్పటికే ఆకాశానికి ఎగిరిపోయినాడు.

"నీమీద ఒట్టు, ఈ సంగతి దొరల చెవిన పడిందన్నా! పోయినేడు మద్రాసు మీద బాంబులేస్తారని జనమంతా మూటాముల్లె సర్దుకునింది గదా, అప్పుడు పెద్ద దొర నాకు కారు పంపించినాడు. 'గురప్పా, నువ్వు తప్పితే గతి లేదు' అని నన్ను విమానం ఎక్కించినాడు. తడ ఊరి మీదికి పోయేసరికి ఎదురుగా జపానోడి విమానం, మమ్మల్ని చూసి ఎనక్కి తిరిగింది. వదిలిపెడతామా? పోయి పక్కన చేరినాము. వాడిది గంటకు రెండు వందల మైళ్లు, మాది రెండు వందలు…"

"సున్నా!" అన్నాడు మునివెంకటప్ప, చిన్నపిల్లోడి మాదిరి మురిసిపోతా.

"అట్ల చెప్పన్నా! పదివేల అడుగుల ఎత్తు. కింద తడ ఊరు కొర్రగింజంత కనపడతా ఉండాది. జపానోడు బాంబు వదిలినాడు. అది జారిన రెప్పపాటులోనే నేనూ దూకినా! ఎందుకు? పడే వస్తువులన్నీ ఒకటే వేగంతో పడతాయి. అది ఎంత జోరుగా దిగితే నేనూ అంతే. తీసివెయ్, సున్నా! నాకు అది కదలనట్టే, దానికి నేను కదలనట్టే. ఉయ్యాల్లో బిడ్డ మాదిరి నా పక్కన పండుకోనుండాది బాంబు. దానిమీద కాళ్లు రెండుపక్కలా ఏసి కూర్చున్నా. కోటు జేబులోంచి చిత్రాన్నం పొట్లం తీసి తిన్నా. రెండు బీడీలు తాగినా. ఆనక నిమ్మళంగా దాని మూతికుండే మర విప్పి పారేసినా. తడ బతికిపోయింది! ఆడ ఆడోళ్లు ఇప్పటికీ నా పేరు చెప్పుకుని దీపం పెడతారు, ఒట్టు!"

టీ వడగట్టే చెంగయ్య చెయ్యి గాల్లోనే నిలబడిపోయింది. మునివెంకటప్ప కాగితం మీద 'గు' అని రాసినాడు.

బస్సు హారను మోగింది. "చిత్తూరు, చిత్తూరు! ఎక్కాలమ్మా!" అని కండక్టరు కేకేసినాడు.

చంద్రకాంతమ్మ ఒక అడుగు బస్సు పక్కకు ఏసింది. ఏసి నిలబడిపోయింది. నాలుగో బడి కూడా పోయినట్టే, అందులోనూ ఈయన నోటి పుణ్యాన! ఎక్కడలేని కోపమొచ్చిందామెకు. గిర్రున తిరిగి వచ్చి గురప్ప ఎదురుగా నిలబడింది.

"అన్నా, బాంబుకూ మీకూ తేడా సున్నా. నూటికి నూరుపాళ్లు నిజం. మరి నేలకూ మీకూ ఎంత?"

గురప్ప కాళ్ల కింది నేలకల్లా చూసినాడు.

"నేలనా? నేలను నేను లెక్కలోకి తీసుకోలేదమ్మా."

"నువ్వు తీసుకోకపోతే మాత్రం," అన్నాడు కుప్పయ్య, "అది నిన్ను తీసుకోకుండా ఉంటాదా?"

అంగడి అంగడంతా గొల్లుమనింది. మునివెంకటప్ప మాత్రం నవ్వలేదు. పెన్ను పక్కన పెట్టి ముందుకు వంగినాడు.

"ఆ వేగం ఎంతని లెక్క కట్టొచ్చునా తల్లీ?"

చంద్రకాంతమ్మ పొయ్యి కాడ పడిన బొగ్గుముక్క తీసుకుని అరుగు బండ మీద గొంతుక్కూర్చునింది. ఒకదాని కింద ఒకటి అంకెలు వేసుకుంటా చెప్పింది.

"గాలి అడ్డు లేదనుకుందాము. సెకండు సెకండుకూ ముప్పైరెండు అడుగుల లెక్కన జోరు పెరగతా పోతాది. పదివేల అడుగులు దిగను పట్టేది ఇరవై అయిదు సెకండ్లు. అన్న రెండు బీడీలు కాదు గదా, ఒకటి ముట్టించుకునే లోపలే నేల వచ్చేస్తాది. అప్పటికి ఆయన వేగం సెకండుకు ఎనిమిది వందల అడుగులు. పాకాల రైలు గంటకు ముప్పై మైళ్లంటిరే, దానికి పద్దెనిమిదింతలు."

"అట్లయితే ఏడాదిగా నా కాడ టీ తాగతా ఉండేది ఎవురప్పా?" అని చెంగయ్య గురప్పను కింది నుంచి పై దాకా తడిమి చూసినాడు.

గురప్ప వంగి అరుగు మీది అంకెలను వేలితో ఒక్కొక్కటే తాకతా చూసినాడు. "ఐదో ఫారంలో నాకు ఈ ముక్క ఇట్ల చెప్పినోళ్లు లేకపోయిరి గదా!" అన్నాడు. ఆ మాటకు ఒట్టు పెట్టలేదు.

బస్సు గర్రుమని కదిలి, పొగ కక్కుకుంటా చిత్తూరు దోవ పట్టింది. చంద్రకాంతమ్మ దానికల్లా తిరిగి కూడా చూడలేదు.

మునివెంకటప్ప ఆ 'గు' మీద అడ్డంగా గీత కొట్టినాడు.

"ఇంతసేపూ నిలబెట్టేసినాను, తప్పయిపోయింది తల్లీ. నీ పేరేంది? ఏం పనిమీద వచ్చినావు?"

"చంద్రకాంతమ్మ అయ్యా. మీ బడిలో లెక్కల టీచరు పనికోసరం వచ్చినాను."

"వచ్చినాను అంటావేందమ్మా," అన్నాడు ఆయన పేరు రాస్తా, "చేరినాను అను."