ఎమెట్ టాకెట్ సానబట్టిన కామ్‌షాఫ్ట్

ఏదీ, ఆ కామ్‌షాఫ్టుల పుస్తకం, ఆర్డరు చీటీ ఇలా తే. కళ్లజోడెక్కడ... ఆఁ, నెత్తిమీదే ఉంది. నీ కారుకి ఏ కామ్ కావాలన్నావు? ఇదా! ఉన్నవాటిల్లోకెల్లా పెద్దది. అచ్చం తాత పోలికే, ఇంకేం చెప్పను. కూర్చో లానా, తిట్టన్లే. ఎమెట్ టాకెట్ అని ఒకాయన ఉండేవాడు, ఎప్పుడైనా చెప్పానా? లేదూ? ఇక్కడే, ఆయిల్‌డేల్లో, రైలు పట్టాల పక్కన రేకుల షెడ్డు ఆయనది. మనవాళ్లలాగే ఓక్లహోమా దుమ్ము తుఫాన్లకి తట్టుకోలేక ఇటొచ్చినవాళ్లు. కామ్‌షాఫ్టులు సానబట్టేవాడు. ఇంజను ఎప్పుడు ఊపిరి పీల్చాలో, ఎప్పుడు వదలాలో చెప్పేది ఆ కడ్డీయే కదా, అందుకని కుర్రకారంతా ఆయన గుమ్మంలోనే పడి ఉండేవాళ్లం. మాటకి ముందు ఖళ్లున దగ్గేవాడు. వాళ్లావిడ బీన్సు వండిందంటే ఉంటుందీ... సరే, అదిప్పుడెందుకు.

ఆయన పద్ధతేంటంటే, ముందు చీటీ నింపాలి. కారు బరువెంత, వెనక చక్రాల గేరెంత, రోజూ ఎక్కడెక్కడికి వెళ్తావు, నువ్వు కాక ఇంకెవరు నడుపుతారు, అన్నీ. దాన్నిబట్టే సానబట్టేవాడు. మరి మేమేం చేసేవాళ్లం? పచ్చి అబద్ధాలు రాసేవాళ్లం! చర్చికీ పాలకీ తిరిగే బండికి 'ప్రతివారం రేసు' అని రాసేవాళ్లం. నిజం రాస్తే చిన్న కామ్ ఇస్తాడు మరి. చిన్న కామ్ పెడితే ఎర్రదీపం దగ్గర కారు ఊగదు. ఊగాలి! గుడుగుడుమంటూ బండంతా వణకాలి, పక్క కారువాడు తల తిప్పి చూడాలి. అదీ మా పిచ్చి. అరవైమూడు చివర్లో అనుకుంటా, నాకు ఇరవైమూడేళ్లు. నాది గేరు దానంతటదే మారే షెవ్రొలే కారు. మీ నానమ్మకి ఏడో నెల. నేనేం రాశానో తెలుసా? 'రేసు కోసం. నేనొక్కణ్ణే నడుపుతాను.' ఎమెట్ చదివాడు. బయటికొచ్చి, కారెక్కి కూర్చున్నాడు. వంగి కాళ్ల దగ్గరేదో తడిమాడు. దిగి, "గురువారం రా" అన్నాడు. అంతే.

గురువారం కామ్ చేతిలో పెట్టి, "డిగ్రీల గీతలున్న చక్రం ఇంజనుకి బిగించి కొలుచుకో. నాలుగు డిగ్రీలు ముందుకి జరిపి పెట్టు. ఉజ్జాయింపుగా బిగించావో, నా గడప తొక్కకు" అన్నాడు. రెండ్రోజులు కొలిచాను, కార్బురేటర్ సరిచేశాను, స్టార్ట్ చేశాను. ఏముంది, కుట్టుమిషనే! ఊగదు, వణకదు. ఒళ్లు మండిపోయింది. వెళ్లి అరిచాను, "ఏంటయ్యా ఇది, ముసలమ్మల కామ్ అంటగట్టావా?" అని. ఖళ్లు ఖళ్లున దగ్గి, "లాగుతోందా లేదా?" అన్నాడు. ఉన్నమాట చెప్పాలి, కాలు మోపగానే దూకుతోంది. "లాగితే ఏం లాభం, ఊగట్లేదుగా!" అన్నాను. "ఊగాలంటే ఉయ్యాల కొనుక్కో, ఫో. నెల నడుపు, అప్పటికీ నచ్చకపోతే నువ్వడిగిందే చేసిస్తా" అన్నాడు. స్నేహితులు నన్ను చూసి ఒకటే నవ్వు. సిగ్గుతో చచ్చాననుకో.

నెల తిరగలేదు. జనవరి పొగమంచు. నువ్వూ చూశావుగా, చెయ్యి చాపితే వేళ్లు కనబడవు. పొద్దున పదింటికి నేను స్నేహితుడి బండిలో పనికెళ్లి చమురు బావి దగ్గరున్నాను, ఇంట్లో మీ నానమ్మకి నెల ముందే నొప్పులు. అంబులెన్సు వాళ్లకి ఫోన్ చేస్తే, "మాకే రోడ్డు కనబడట్లేదమ్మా" అన్నారట. ఏం చేస్తుంది పాపం, తనే కారు తీసింది. తలుపు తెరిచి పట్టుకుని, కింద తెల్లగీత చూసుకుంటూ, బ్రేకు మీద కాలుతో ఆరు మైళ్లు. పది గజాలకోసారి ఆగడం, నొప్పి తగ్గాక కదలడం. రైలు పట్టాల ముందు ఆగి, రైలొస్తోందేమోనని చెవులు రిక్కించి విందట. విన్నావా, ఇంజను నడుస్తుండగానే ఆమెకి రైలు చప్పుడు వినబడింది! నేనడిగిన కామ్ అయితే ఏం వినబడేది? పెద్ద కామ్‌తో నెమ్మదిగా తిరిగితే ఇంజనుకి ఊపిరందదు, గేరులో పెట్టి బ్రేకు నొక్కిన ప్రతిచోటా ఆగిపోయేది. పట్టాల మీదా ఆగిపోయేది. మూడింటికి నేను ఆసుపత్రికి పరిగెత్తేసరికి లోపల మీ నాన్న గుక్కపట్టి ఏడుస్తున్నాడు. హమ్మయ్య! అక్కడే నేలమీద కూలబడి నవ్వానో ఏడ్చానో నాకే తెలీదు. నర్సు వచ్చి లేపింది.

తర్వాత ఎమెట్ దగ్గరికి వెళ్లాను. "కామ్ బాగానే ఉంది" అన్నాను. "ఊఁ" అన్నాడు, పని చూసుకున్నాడు. చీటీ సరిగ్గా చదవకుండా ఏదో చేతికందింది ఇచ్చాడు, నా అదృష్టం బాగుంది, అని చాలా ఏళ్లు అనుకున్నాను. ఆయన పోయాక వాళ్లమ్మాయి షెడ్డు ఖాళీ చేస్తూ నా చీటీ నాకిచ్చింది. అదిగో, ఆ డబ్బాలోనే ఉంది, తియ్యి. 'నేనొక్కణ్ణే నడుపుతాను' అని నా రాత. దాని కింద పెన్సిల్‌తో ఏముందో చదువు. నాకు కళ్లు... నువ్వే చదువు. 'పెడళ్లకి చెక్కముక్కలు కట్టి ఉన్నాయి. ఎవరో పొట్టి మనిషి నడుపుతోంది. ఆగిపోకూడదు.' ఆ చెక్కలు కట్టింది నేనే లానా, మీ నానమ్మకి కాలు అందక. రోజూ వాటిమీదే కాలు పెట్టి నడిపాను.

ఊఁ. ఇదిగో పెన్ను. నువ్వు కాక ఇంకెవరు నడుపుతారు?