అందరికీ అందించిన ఎరిబెర్తో సాల్దివార్ గారు

రెండువేల ఏడవ సంవత్సరం జూలై పదహారవ తేదీ ఉదయం, కొండ పొగమంచు ఇంకా గోల్ స్తంభాలను విడవకముందే, శ్రీ ఎరిబెర్తో సాల్దివార్ గారు మన సాన్ తదెయో గనికార్మికుల ఫుట్‌బాల్ సంఘంలో మిడ్‌ఫీల్డర్‌గా పదవీ స్వీకారం చేశారు. వారికి తొలి జత బూట్లు ఇచ్చే భాగ్యం బూట్ల గది పర్యవేక్షకుడనైన నాకు దక్కింది. ఆనాడు వారు ఎంత సన్నగా ఉండేవారంటే, పక్కకు తిరిగి నిలబడితే మన జట్టులో పదిమందే ఉన్నారని రిఫరీ ఆట ఆపేసేవాడు. నమ్మనివారు ఆ రిఫరీనే అడగవచ్చు. పాపం, ఆయన కాలం చేశారు.

బంతి తమ పాదాన్ని స్పృశించిన మరుక్షణమే దానిని మరొకరికి సమర్పించే ఔదార్యం బేతో గారికి, అనగా మన సాల్దివార్ గారికి, జన్మతః అబ్బిన గుణం. మంచులో తోటి ఆటగాడు కనబడకపోతే వాడి దగ్గు విని ఆ దిక్కుకు బంతి పంపేవారు. ఒకసారి దగ్గింది పోలీసు గుర్రం. అయినా బంతి సరిగ్గా దాని ముందుకాళ్ల దగ్గర ఆగింది. గుర్రం కూడా మెచ్చుకున్నట్టే తలాడించింది. తరువాతి సంవత్సరాలలో ముగ్గురు శిక్షకులు మారినా, రెండుసార్లు మైదానం గడ్డి మారినా, వారి స్థానం మారలేదు, స్వభావమూ మారలేదు. ఎంతవరకూ మారలేదంటే, ఇంతటి సుదీర్ఘ సేవలో వారు ఒక్క గోల్ కూడా చేయలేదు. ఒక సంవత్సరం పెనాల్టీ అప్పగిస్తే, బంతి ముందు నిలబడి ఎడమకు చూసి, కుడికి చూసి, పక్కకు తోసేశారు. అవతలి గోల్‌కీపర్ వచ్చి చేతులు పట్టుకుని కృతజ్ఞతలు చెప్పి వెళ్లాడు.

ఈ ఔదార్యం మైదానానికే పరిమితమైతే నాకింత రాయవలసిన పని లేదు. ఏటా జనవరి ఆరున, ముగ్గురు రాజుల పండుగనాడు, మన సంఘం గదిలో చక్రంలాంటి తీపి రొట్టె రోస్కా కోస్తాం కదా! లోపల దాచిన బాలయేసు బొమ్మ ఎవరి ముక్కలో వస్తే వారే ఆ పిల్లదేవుడికి జ్ఞానపిత. ఫిబ్రవరి రెండున వచ్చినవారందరికీ వారే మొక్కజొన్న పిండిని డొప్పల్లో చుట్టి ఉడికించిన తమాలెస్ పెట్టాలి. బేతో గారి కత్తికి బొమ్మ తల తగిలిందో లేదో, ఆ ముక్క వినయంగా పక్కవారి పళ్లెంలోకి జారేది. "మీరు పెద్దవారు, ముందు మీరు తీసుకోండి." ఈ మర్యాద వల్ల శిక్షకులు, పాద్రిగారు, ఆఖరికి కరెంటు మీటరు చూడటానికి వచ్చిన పెద్దమనిషి కూడా జ్ఞానపితలయ్యారు.

గత డిసెంబరులో బేతో గారు బూట్ల గదికి వచ్చి, నవ్వకుండా కూర్చున్నారు. విరమణకు ముందు వారి చివరి ఆట ఫిబ్రవరి రెండునేనని అప్పటికే ఖాయమైంది.

"ప్లాసిదో మామా, మా అమ్మాయి ఇత్సెల్‌ని బడిలో ఏడిపిస్తున్నారు. మీ నాన్న గోల్ దగ్గరికి పోవాలంటే దారి అడగాలంట కదా, అని. నిన్న రాత్రి అన్నం మానేసింది. దానికి ఒక్క గోల్ చూపించాలి. ఇంక ఒక్క ఆటే మిగిలింది."

అల్లుడికి భోజనం తెచ్చిన వారి అత్తగారు దోన్యా ఓబ్దులియా గుమ్మంలోనే అందుకున్నారు.

"పిల్లదేవుణ్ణి ఏళ్ల తరబడి పక్కోళ్ల పళ్లెంలోకి నెడితివి. ఆయన నీకు గోల్ ఇస్తాడా, అల్లుడా? ముందు ఆయన్ని ఇంటికి తెచ్చుకో. తర్వాత అడుగు."

"వస్తే తెచ్చుకోనా, అత్తా?"

"వచ్చినప్పుడు నువ్వెక్కడ ఉన్నావు మరి?"

ఈ సంవత్సరం జనవరి ఆరున బేతో గారు ముక్క వెంట ముక్క తిన్నారు. బొమ్మ రాలేదు. చెమటలు పట్టాయి. ఆ బొమ్మ నా ముక్కలో వచ్చింది. నాకు మిగిలిన ఏకైక దవడ పన్ను దానికి సాక్షి. ఎవరూ చూడకుండా దాన్ని మళ్లీ రొట్టెలోకి దూర్చి, "నాకు తీపి పడదు, ఇది కూడా నువ్వే తిను" అని అటు జరిపాను. బొమ్మ బయటపడగానే గదంతా గొల్లుమంది. బేతో గారు మాత్రం దాన్ని ముద్దుపెట్టుకుని చొక్కా జేబులో పెట్టుకున్నారు. తమ దగ్గరికి వచ్చినదాన్ని వారు మరొకరికి అందించకపోవడం నేను చూడటం అదే మొదటిసారి.

ఫిబ్రవరి రెండున దోన్యా ఓబ్దులియా మైదానం గేటు దగ్గరే గంగాళాలు దించారు. మొక్కజొన్న డొప్పలు విప్పితే వచ్చిన ఆవిరిలో కొండ మంచు సిగ్గుపడి పక్కకు తప్పుకుంది. వచ్చినవాడు ఏ రంగు చొక్కా వేసుకున్నా పెట్టవలసిందే గనుక ప్రత్యర్థులూ తిన్నారు, రిఫరీ తిన్నాడు, మనవాళ్లు అందరికంటే ఎక్కువ తిన్నారు. పంది కొవ్వు విషయంలో ఆవిడది ఉదారమైన చెయ్యి. జ్ఞానపిత అందరికీ వడ్డించి చివర తినాలి గనుక బేతో గారొక్కరే ఏమీ తినలేదు.

ఇక ఆట సంగతి ఏం చెప్పను! ఇరవై రెండుమందిలో ఇరవై ఒక్కమంది నడిచారు. రిఫరీ ఈల ఊదబోతే త్రేన్పు వచ్చింది. ఆట ముగియడానికి కాసేపటి ముందు బంతి బేతో గారికి దొరికింది. ఆపేవాడు లేడు. నేరుగా గోల్ ముందుకు వెళ్లి, అలవాటు కొద్దీ ఆగి, ఎడమకు చూశారు, కుడికి చూశారు, వెనక్కి కూడా చూశారు. మనవాళ్లంతా మధ్యగీత దగ్గర నడుం మీద చేతులు వేసుకుని నిలబడి ఉన్నారు.

స్తంభానికి ఆనుకున్న గోల్‌కీపర్ బతిమాలాడు. "కొట్టవయ్యా బాబూ. నేనెలాగూ వంగలేను."

"మావాళ్లు ఎవరైనా వస్తారేమోనని."

"వాళ్లు రారు. వాళ్లు తినడం నేను చూశాను."

అప్పుడు మెట్లమీంచి ఇత్సెల్ గొంతు చించుకుంది. "నాన్నా! ఇంకెవరూ లేరు! నువ్వే!"

బేతో గారు జేబులోని బొమ్మను తడుముకుని, కొట్టారు. బంతి ముసలమ్మ గుడికి నడిచినట్టు నింపాదిగా దొర్లి, గీత మీద కాస్త ఆలోచించి, లోపలికి వెళ్లింది. ఇత్సెల్ కంచె దూకి పరుగెత్తుకొచ్చేసరికి బేతో గారు వల దగ్గర మోకాళ్లమీద ఉన్నారు. వలలోంచి బంతి తీసి కూతురి చేతికి అందించారు. ఎంతైనా అలవాటు కదా!

"ఇవ్వడానికి మనిషి దొరక్క కొట్టాడు గాని!" అన్నారు దోన్యా ఓబ్దులియా, శాలువా కొంగుతో కళ్లు తుడుచుకుంటూ. ఆ తరువాత గంగాళం అడుగున దాచి ఉంచిన ఆఖరి తమాల్ డొప్ప విప్పి అల్లుడి నోట్లో పెట్టారు.

శ్రీ ఎరిబెర్తో సాల్దివార్ గారు శేషజీవితాన్ని ఆయురారోగ్యాలతో, నొప్పి ఎరుగని మోకాళ్లతో, సతీమణి, అత్తగారు, పుత్రిక సమేతంగా నిండు నూరేళ్లు గడపాలని బూట్ల గది తరఫున హృదయపూర్వకంగా ఆకాంక్షిస్తున్నాను. ప్రతి జనవరిలోనూ బొమ్మ వారి ముక్కలోనే రావాలని నా ప్రార్థన. రాకపోతే, నా చేతులు ఆడినంతకాలం, పక్కన నేను కూర్చుంటాను.

— ప్లాసిదో అర్రియాగా, బూట్ల గది