తోమకూడని నత్తడొప్ప

“మామ్మా, దసరా అని ఇంట్లో గరిటెల కాడ్నుంచి గొళ్ళేల దాకా అన్నీ తోమించినావు. ఈ నత్తలాంటి ఇనప డొప్పొకటి నల్లగా ఒగ్గేసినావేటి?”

అదా. దాన్ని ముట్టుకోకు. ముందు ఆ పీచు పక్కన పెట్టు. ఇలగొచ్చి కూకో. కాళ్ళు ముడుసుకో. ఆడపిల్లవని కాదు, తోవలో కాళ్ళు సాపితే ఎవురైనా తట్టుకుని పడతారని.

అది నత్తా కాదు, గుల్లా కాదు. టర్బో అంటారు దాన్ని. మీ తాత లారీది. ఇంజినుకి గాలి ఊదే సామాను. లోపల ఒక ఇరుసు, ఆ ఇరుసుకి అటొకటి ఇటొకటి రెక్కల సక్రాలు. ఇంజిను పొగతోటి ఒకటి తిరుగుతాది, దాంతో రెండోది తిరిగి లోపలికి గాలి తోస్తాది. అది లేకపోయినా లారీ నడుస్తాది. కానీ లోడేసి ఎత్తు ఎక్కమంటే నాలాగే మోకాళ్ళు పట్టుకుంటాది. నాను ఐదు దాకానే సదివినాను గానీ, టర్బో గురించి ఎవురడిగినా సెప్తాను. ఆ వారమంతా ఇంట్లో అదే గోల మరి.

ఎప్పుడంటే... మీ నాన్నకి పెళ్ళయిన మరుసటేడు. కాదు కాదు, నువ్వు పుట్టినావప్పటికి. పాకుతున్నావు. మా మందస వీధిలో ఏది దొరికితే అది నోట్లో పెట్టుకునీదానివి. నాను ఊరుకోలేదనుకో.

అంతకుముందే మీ తాతా, మా సెల్లెలు సరోజ మొగుడు సింహాచలమూ కలిసి ఇశాఖపట్నం ఎల్లినారు. ఇద్దరికీ లారీలే, ఇద్దరి లారీలూ ఒకటే రకం. కంపెనీ టర్బో ధర ఇని గుండె జారిపోయి, బయటి సరుకు రెండు కొన్నారు. జోడీ. అప్పసెల్లెళ్ళకి ఒకే అంచు సీరలు కొన్నట్టు. అప్పుడే సెప్పినాను, ఊరూ పేరూ లేని సరుకు ఇంటికి తేవొద్దని. ఇద్దరూ ఇకిలించినారు. సరే, ఇకిలించండి అన్నాను. ఆ తరవాత ఆ కొట్టోడు కొట్టు మూసేసి ఏ ఊరెల్లిపోనాడో.

కొన్నేళ్ళు బాగానే తిరిగింది. ఒకరోజు ఈల మొదలెట్టింది. మామూలు ఈల కాదు, కుక్కర్ మీద కుక్కర్ పెట్టినట్టు. ఎనకాల నీలంగా పొగ. సరిగ్గా అప్పుడే ఉద్దానం కొబ్బరికాయల లోడు, పలాసలో ఏపారి మాటిచ్చినాడు. ఆదివారం తెల్లారికి లారీ తోట కాడుంటే ఆ సీజనంతా మీ తాతకే. లేపోతే ఇంకో లారీకి కట్టేస్తాడు. ఆయనది తప్పని నాననను. కాయ ఆగదు గదా. కానీ ఆ సీజను పోతే మీ తాత లారీ అమ్ముకుని, ఇంకొకరి లారీ తోలాల. యాభై దాటిన మనిసి. ఆ మాట ఇంట్లో ఎవురం పైకి అనలేదు. అన్నం మాత్రం తక్కువ తిన్నాం.

టెక్కలి మెకానిక్ కాడికి తీసుకెల్లినాం. నాను కూడా ఎల్లినాను. మీ తాతని ఒక్కడినీ పంపితే ఎవురేది సెప్పినా తలూపేసి వొచ్చేస్తాడు. అప్పట్లో టెక్కలి బస్టాండులో కాఫీ ఎంతో తెలుసా? అయిదు రూపాయలు. ఇప్పుడా డబ్బుకి గ్లాసు కడిగిన నీళ్ళిస్తారు. నాను తాగలేదనుకో. బయట తాగడం నాకు లేదు.

ఏటి సెప్తన్నాను? ఆఁ, మెకానిక్. ఆ అబ్బాయి ఇప్పి సూసి, “డొప్ప బాగుందమ్మా, లోపలి ఇరుసూ రెక్కలూ పోయాయి. ఆ మొత్తాన్ని కోరు అంటారు. కోరు మారిస్తే సాలు. కంపెనీ కోరు దీనికి పట్టదు, దీని నంబరు గావాల. టర్బో మీద సిన్న బిళ్ళుంటాది, దానిమీదుంటాది. అది సెప్పండి” అన్నాడు.

బిళ్ళ ఉంది. నంబరు లేదు.

అలగ నవ్వకు. ఏటేటా దసరాకి లారీకి పూజ సేసీవాళ్ళం గదా. బొట్టు పెట్టాలంటే ముందు కడగాలా వొద్దా? మురికి మీద బొట్టెట్టే అలవాటు మా ఇంట్లో లేదు. మా అమ్మ మా ఇద్దరికీ అలగ నేర్పలేదు. సింతపండు, బూడిద, కొబ్బరి పీచు. నాను ఆ బిళ్ళని ఏటేటా తోమినాను. అద్దంలా మెరిసీది. మీ తాత దాన్ని ఫోనులో ఫోటో తీసి బరంపురం కొట్టుకి పంపినాడు. ఫోటోలో నంబరు రాలేదు, మీ తాత మీసం వొచ్చింది. కొట్టాయన సగం ఒడియా, సగం తెలుగులో, “ఈ పార్టు మా కాడ లేదు బాబూ” అన్నాడంట.

అందరూ నాకేసే సూసినారు. నానేటంటానంటే, తోమితే పోయిన నంబరు కూడా ఒక నంబరేనా? లోతుగా సెక్కొచ్చు గదా. ఇప్పటికీ అదే మాటంటాను.

సర్లే అని మెకానిక్ రెక్కలు కొలిసి, ఆ కొలతకి బరంపురం నుంచి కోరు తెప్పించినాడు. పెడితే లోపల గలగల. ఎందుకంటే మా పాత రెక్కలు డొప్పకి రాసుకుని రాసుకుని అరిగిపోయాయి. అరిగినదాన్ని కొలిస్తే అరిగిన కొలతే వొస్తాది గదా. “అరగనిది ఒకటి దొరికితే కొలవొచ్చు. దీని జోడీ ఎక్కడైనా ఉందా?” అన్నాడు. అది గురువారం.

మీ తాత నా మొహం సూసినాడు. నాను ఆకాశం సూసినాను.

జోడీ సింహాచలం లారీకుంది. ఆళ్ళ ఊరు సంతబొమ్మాళి ఎంతో దూరం లేదు. కానీ ఆ మనిసికీ నాకూ మాటల్లేవు. ఎందుకంటే, ఈ ఇంటి గృహప్రవేశానికొచ్చి భోజనాల కాడ తూలి పడ్డాడు. కాలు నిలవని మనిసి పంక్తిలో కూకోకూడదని అందరి ముందూ లేపీసినాను. “నాను తాగలేదు, నువ్వు తోమిన గచ్చు మీద జారినాను” అన్నాడు. “వాసన కూడా గచ్చుదేనా?” అన్నాను. అంతే. ఆయన నా ఇంటికి రాడు, నాను ఆయన గడప తొక్కనని ఒట్టేసినాను. ఒట్టంటే ఒట్టే. నీకు తెల్దూ నా సంగతి.

కానీ లారీ ఇంట్లో ఉండదు గదా. కల్లంలో ఉంటాది. కల్లానికి గడపుండదు. అది బస్సులో ఆలోసించుకున్నాను.

ఎల్లేసరికి ఆయన టైరు కాడ కూకుని బోల్టులు బిగిత్తన్నాడు. మమ్మల్ని సూసి తలొంచేసినాడు. నాను లారీ ముందు నిలబడి లారీతోనే అన్నాను. “ఏమే లారీ, బాగున్నావా? నీ టర్బో బిళ్ళ మీద నంబరుందేటి?”

ఆయన తలెత్తలేదు. “ఒలే టైరూ, ఎవురో వొచ్చినట్టున్నారు. పనేటో కనుక్కో.”

“లారీ, మాది అరిగిపోయింది. జోడీ నీకాడుంది గాబట్టి వొచ్చినాను. లేపోతే వొచ్చీదాన్ని కాదు.”

“టైరూ, అరిగిందా, అరగదీసినారా, అడుగు.”

మీ తాత పాపం నా ఎనకాల నిలబడి ఒకసారి లారీని, ఒకసారి టైరుని సూత్తన్నాడు. ఎవురికి నమస్కారం పెట్టాలో తెలీక బంపరుకి పెట్టినాడు.

అప్పుడు సింహాచలం లేసి, నంబరు సూపించి నా ముక్కు కోసేద్దామని గావాల, గబగబా ఇంజిను మూత తెరిసినాడు. తెరిసి అలాగే ఉండిపోనాడు. బిళ్ళ ధగధగలాడుతోంది. ఒక్క అక్షరం లేదు.

“సరోజా!” అని పిలిసినాడు. మా సెల్లెలు సేతులు తుడుసుకుంటూ వొచ్చి, “ఏటి, బొట్టెట్టిన సోటు తోమొద్దా? అప్ప నేర్పినట్టే తోమినాను” అంది.

నాను దగ్గరికెల్లి సూసినాను. ఒక్క మచ్చ లేదే. అనకూడదనుకున్నాను గానీ అనీసినాను, “బాగా తోమినావే సరోజా” అని. మొగోళ్ళిద్దరూ నేలకేసి సూసినారు.

నంబరు పోయినా రెక్కలు బాగున్నాయి గదా. అవి కొలిస్తే సాలు. దానికి ఆయన టర్బో ఇప్పాల. ఆయన స్పానరు తీసినాడు. తీసి, టైరుతో అన్నాడు. “టైరూ, ఇప్పుతాను, కొలుసుకోనీ. కానీ ఒట్టెయ్యమను. కొత్త కోరు ఏసినాక ఆ టర్బోని బతికున్నంత కాలం తోమనని ఒట్టెయ్యాల.”

నువ్వు ఆలోసించు. కళ్ళముందు మురికి పెట్టుకుని తోమకుండా ఉండమంటన్నాడు నన్ను. నాను తిరిగొచ్చేద్దునే. కానీ మీ తాత ఒక్క మాటా అడగలేదు. సొక్కా గుండీ తిప్పుతూ నిలబడ్డాడు. అడిగితే కసిరీదాన్ని. అడగలేదు.

“లారీ, ఒట్టు” అన్నాను.

“దేనిమీదో అడుగు టైరూ.”

“నా మాట మీద. అంతకన్నా పెద్దది నాకాడ లేదు.”

అయిపోయింది. ఇప్పినాడు. సింహాచలం తనే మెకానిక్ కాడికి మోసుకెల్లి కొలిపించి, బరంపురం బస్సెక్కి, ఆ గలగలమన్న కోరు మార్సుకుని కొత్తది తెచ్చినాడు. తెల్లారి బిగిస్తే సూది దారమెక్కినట్టు పట్టింది. ఆదివారం ఇంకా పొద్దు పొడవకముందే లారీ తోట కాడుంది. ఈల లేదు, పొగ లేదు. ఆ సీజనూ మనదే, ఆ మరుసటిదీ మనదే.

అసలు సెప్పాల్సింది మర్సిపోనాను. ఆ కల్లంలో ఇప్పడమయ్యాక మేం బయల్దేరుతుంటే, ఆయన టైరుకేసి సూడకుండా నాకేసి సూసి, “వదినా, అన్నం తిని ఎల్లండి” అన్నాడు. నాను లారీతో సెప్పినాను, గడప తొక్కనని. ఆయన లోపలికెల్లి ఆకులు తెచ్చి కల్లంలోనే ఏసినాడు. సరోజ వడ్డించింది. పంక్తిలోంచి లేపిన మనిసి పక్కన పంక్తిలో కూకున్నాను. ఆయన కూకుంటూ, “ఈ నేల ఎవురూ తోమలేదు వదినా, జారను” అన్నాడు. నాను నవ్వలేదు. మజ్జిగ మాత్రం ఆయనకి నానే పోసినాను.

ఇప్పుడు లారీ లేదు, మీ తాత లేడు. అమ్మినప్పుడు ఈ డొప్ప దాసుకున్నాడు, నా ఒట్టు నిలబడతాదో లేదో సూద్దామని గావాల. నిలబడింది. ఏటేటా దసరాకి అన్నీ తోమి, దీని కాడికొచ్చేసరికి సేతులు ఎనక్కి కట్టుకుంటాను. సింహాచలం పండక్కొచ్చి ముందు దీన్నే సూస్తాడు. రేపూ వొస్తాడు.

ఏటే, అలగ సూత్తన్నావు? ఒట్టేసింది నాను. నువ్వెయ్యలేదు. తోమమని సెప్పట్లేదు, సెప్తే ఒట్టు తప్పినట్టు. నాకిప్పుడు కన్ను మూసుకుంటోంది, కాసేపు తొంగుంటాను. సింతపండు ఆ గిన్నెలో నానుతోంది, ఎందుకు నానబెట్టినానో గుర్తు లేదు.

సల్లగుండమ్మా. మూలలు మర్సిపోకు.