యజమానికి స్తోత్రమట

"తలుపుకి తాళం పెట్టి స్తోత్రం చెప్పమంటున్నారే, అసలు మీరు చర్చి సంఘపెద్దేనా బావగారూ?"

ఆస్పత్రి దుప్పట్లు ఉతికే లాండ్రీలో, ఇస్త్రీ గది తలుపుకు లోపల, తోటి పనివాళ్లైన ఆడాళ్లతో మరదలు. బయట, అక్కడే సూపర్‌వైజరుగా పనిచేసే ఆమె బావగారు.

"మెల్లగా మాట్లాడమ్మా. పనయ్యేదాకా తాళం పెట్టడం రోజూ ఉన్నదేగా."

"రోజూ ఆవిరి గొట్టం పగులుతుందా? ఇవాళ పగిలి గదంతా ఆవిరే. పొడుగక్క కళ్లు తిరిగి పడిపోయింది. నీళ్లు చల్లితే కళ్లు తెరిచి మళ్లీ మూసేసింది."

"పడిపోయిందా? సరే... సరే. నువ్వో మాట ఒప్పుకో. ఆదివారం ఆరాధనకి మన యజమాని అయ్యగారొస్తున్నారు. లేచి సాక్ష్యం చెప్పు. నీ మొగుడు మంచాన పడితే అయ్యగారే పనిచ్చి నిలబెట్టారని చెప్పు. ఆయన మెత్తబడతారు."

"చెప్తానంటే తాళం తీస్తారా?"

"నేనలా అన్నానా?"

"మరేమన్నారు?"

"ఉన్నదాంతో తృప్తిగా ఉండమన్నాను. దేవుడి కృప కాకపోతే నీకీ పని ఎక్కడిది?"

"కృప మాట మీరెత్తకండి. మీ తమ్ముడు చచ్చి బతికాడు. అంతకుముందు నేను చర్చి గుమ్మం తొక్కిందీ లేదు, మోకాళ్లు వంచిందీ లేదు. అయినా బతికించాడు దేవుడు. నా మంచితనం చూసి కాదు, నేనేదో ఇస్తాననీ కాదు. దాన్నంటారు కృపని. అయ్యగారిచ్చింది చాకిరీ. దానికి నా నడుం విరుగుతోంది. రెండూ ఒకటేనా?"

"బాగా నేర్చావు వాదించడం."

"తృప్తి కూడా ఉంది లెండి. మీ తమ్ముడిలాంటి మొగుణ్ణిచ్చినా స్తోత్రమే అన్నాను. ఇంకెంత తృప్తి కావాలి మీకు?"

"నవ్వులాటలకి సమయమా ఇది?"

"లోపల ఆడాళ్లు నవ్వారు, వినపడిందా? ఊపిరాడకపోయినా నవ్వారు. ఆ కృప తెలిసినోళ్లకి మనిషంటే భయం పోవాలి. మీకెందుకు పోలేదు?"

"అయ్యగారు రానీ. వస్తారు."

"ఆయనెందుకు? తాళంచెవి మీ జేబులోదేగా. తియ్యండి."

"అది కాదమ్మా..."

"ఏది కాదు? తియ్యండి."

"నా దగ్గర లేదు."

"లేదంటే?"

"దుప్పట్లు పోతున్నాయని పొద్దున్నే అయ్యగారు పట్టుకెళ్లిపోయారు. ఈ తలుపుదీ, వీధి గేటుదీ. నా ఫోన్ కూడా."

"గేటుదీనా? అంటే మీరు..."

"పొద్దుట్నించీ ఈ నడవాలోనే ఉన్నాను. నాకూ ఎటూ దారి లేదు. అయ్యగారు మంచివారేనమ్మా, ఏదో తొందర్లో..."

"మాతోపాటు మిమ్మల్నీ దొంగల్లో కలిపేశాడు. ఇంకా వెనకేసుకొస్తున్నారు."

"ఏం చెయ్యమంటావు చెప్పు? ప్రార్థన చేసుకుంటున్నా."

"చేసుకోండి. చేసుకుంటూనే తలుపు విరగ్గొట్టండి."

"విరగ్గొడితే నా ఉద్యోగం పోతుంది."

"పోనివ్వండి. మీ ఉద్యోగం చూసి ప్రేమించాడా దేవుడు మిమ్మల్ని? బట్టల బండి కింద ఇనుప కడ్డీ ఉంటుంది, తెచ్చి గడియలో దూర్చండి. అట్నించి మీరు లాగండి, ఇట్నించి మేం తోస్తాం. గేటు సంగతి తర్వాత. లేవండి బావగారూ, పొడుగక్క మళ్లీ కళ్లు తెరవట్లేదు."