గురువుగారి మోకాళ్ళ నొప్పి

అధ్యక్షులు ఖాజీగారికి, మన సూఫీ గురుపరంపర, అదే మన తరీఖా పెద్దలకు, తెర అవతల కూర్చున్న అక్కచెల్లెళ్ళకు, మన ఎడారిని ఏలే తెల్లదొర పంపితే వచ్చి వెనక వరుసలో అన్నీ రాసుకుంటున్న దుబాసీగారికి కూడా సలాం. (నవ్వులు) రాసుకోండి బాబూ, ఇవాళ మీకు పనికొచ్చేదే చెబుతాను.

రేపు మక్కా యాత్రకు లారీ కదులుతుంది. అందులో మన గురువు బిల్‌ఖేర్‌గారిని సాగనంపాలని ఈ సభ. మా నాన్న ఉప్పు అమ్ముకురమ్మని దక్షిణాదికి పంపిన బానిస, అక్కడి సూఫీ పెద్ద షేక్‌గారి దగ్గర నేర్చుకుని గురువై తిరిగొచ్చారు! ముప్పై ఏళ్ళుగా రోజూ పొద్దువాలే వేళ అసర్ నమాజయ్యాక తెల్లగుడ్డ పరిచి, దాని చుట్టూ కమ్మరి సులేమాన్‌నీ ఖాజీగారినీ మా పశువుల కాపరినీ నన్నూ మోకాలికి మోకాలు తగిలేలా కూర్చోబెట్టి జపం చేయించారు. అప్పట్లో మా మేనత్త మునీనా, అదిగో తెర వెనక నవ్వుతున్నది ఆవిడే, "ఒరే దాహా, మన ఒంటెపాలు పితికినవాడి ముందు చేతులు కట్టుకుంటావట్రా, సిగ్గులేదూ?" అని దులిపేసింది. ఇప్పుడు ఆయన దువా చదివి ఊదిన నీళ్ళు తాగనిదే ఆవిడకు తెల్లవారదు. (నవ్వులు)

మా నాన్న పోయాక ఈ పదకొండేళ్ళుగా ఎవరు యాత్రకు పిలిచినా "మోకాళ్ళ నొప్పులు నాయనా" అని ఆయన ఆగిపోయేవారు. మర్నాడే తప్పిపోయిన ఒంటె కోసం రెండు ఇసుకదిబ్బలు ఎక్కి దిగేవారు. అయినా ఆ నొప్పులు నేను నమ్మాను. నమ్మడం నాకు సుఖం కాబట్టి.

ఈసారి ఆయన్ని అడక్కుండా నేనే పేరు రాయించాను. ఇవాళ పొద్దున్నే ఆయన మా గుడారానికి వచ్చి బయటే నిలబడ్డారు.

"నా పేరు కొట్టించెయ్యి నాయనా. యజమాని ఒప్పుకోనిదే బానిస హజ్‌కి పోకూడదు."

"మీకు యజమాని ఎవరండీ?"

"నువ్వే."

(సభలో కలకలం)

అవును. మా నాన్న పోయేముందు ఆయన్ని విడిపించాడని మీరంతా అనుకున్నారు. నేను కాదనలేదు. దొర కాగితంలో బానిసలు లేరు గానీ, మన శాస్త్రంలో యజమాని నోట మాట రావాలి. మా నాన్న ఆ మాట అనలేదు. ఒంటెలతో, పుస్తకాలతో పాటు నా గురువు కూడా నా వాటాకు వచ్చారు. రోజూ కళ్ళకద్దుకున్న చెయ్యి నా ఆస్తి అని తెలిసీ ఊరుకున్నాను.

"ఇన్నేళ్ళూ ఒక్కమాట అడగలేదేం?" అన్నాను.

"అడిగితే ఇచ్చేవాడివే. కానీ నీకు చెప్పాల్సిన పాఠాల్లో అదొక్కటే మిగిలింది. అది నీ అంతట నీకే తట్టాలి."

నా చదువు పూర్తికావాలని మక్కానే పదకొండేళ్ళు వాయిదా వేసుకున్న మనిషి! ఇంతటివాడి పక్కన కూర్చుని నేను ఏం చూశానండీ?

ఖాజీగారూ, మీరే సాక్షి. అల్లాహ్ కోసం ఈ బిల్‌ఖేర్ స్వతంత్రుడు. ఆయన మీద నాకు గానీ నా సంతానానికి గానీ ఏ హక్కూ లేదు. చప్పట్లు కొట్టకండి, ముప్పై ఏళ్ళు ఆలస్యమైన మాట ఇది.

టీ చల్లారిపోతున్నా కదలకుండా విన్నందుకు మీ అందరికీ కృతజ్ఞతలు. ఇంకొక్కమాట. గురువుగారి భార్య సల్మా, ఆమె ముగ్గురు పిల్లలు మా మేనత్త వాటాలో ఉన్నారు. వాళ్ళ సంగతి ఆయన అడగలేదు, అడగరు. నేనూ అడగను. అత్తా, నేను కూర్చుంటున్నాను. సెలవు.