గోడలో తీగ

సీతారావమ్మకి, ఫోన్ల లైన్‌మన్ మస్తాను వస్తన్నాడంటేనే భయమేసిందంట. దొంగతనం చేసిందా అంటే లేదు. మొగుడికి తెలవకుండా ఫోన్లో మాట్లాడతంది. ఎవరితోటి అంటారా? ఆ నవ్వులేందమ్మాయ్, చాల్లే! తోడికోడలు నాంచారమ్మతోటి. ఆ నాంచారమ్మ ఉండేది యాడో కాదు, గోడకి అవతల.

ఏమైందంటే, ఆళ్ళ మావ బతికున్న రోజుల్లో ముందు గదిలో ఒక ఫోను, వెనక గదిలో ఒక ఫోను పెట్టించాడు, రెండూ ఒకే లైను మీద. ముసలాయన పొయ్యాడు. పెద్దోడు, అదే సీతారావమ్మ మొగుడు కోటిలింగానికీ, చిన్నోడు పున్నయ్యకీ పొగాకుని సెగకి ఆరబెట్టే బేరన్ కాడ మాటా మాటా వచ్చింది. నా ఆకు ముందెక్కాలంటే నా ఆకు ముందెక్కాలని. అంతే! ఇల్లు పంచుకున్నారు, ముందు గది పెద్దోడికి, వెనక గది చిన్నోడికి, నడిమధ్యన గోడ లేపారు, ఏడేళ్ళుగా మాటల్లేవు. మగోళ్ళ పంతం మగోళ్ళు ఏడవక, ఆడోళ్ళ నోళ్ళు కూడా కట్టేశారు. అయితే ఆ గోడ కట్టిన మేస్త్రీ ఉన్నాడు చూడండి, తీగ పీకమని ఎవరూ చెప్పలా, దాని మీదే ఇటికలు పేర్చి పొయ్యాడు. ఒకరోజు నాంచారమ్మ, పనిచెయ్యదనుకున్న ఆ మూగఫోను మీద దుమ్ము తుడుస్తా ఊరికే చెవిలో పెట్టుకుంటే, లోపల సీతారావమ్మ గొంతు! ఎవరితోనో వడియాల సంగతి మాట్లాడతంది. "అక్కా" అందంట నాంచారమ్మ. ఆ ఒక్క మాటకి ఇద్దరూ ఏడ్చారంట.

ఇక అప్పట్నించీ మధ్యాహ్నం రెండయ్యిందంటే, రోకలితో గోడమీద రెండు దెబ్బలు. ఇద్దరూ ఫోను ఎత్తుతారు. ఒక అంకె నొక్కితే ఆ బుయ్యిమనే కూత ఆగుద్ది, మళ్ళీ కూసేదాకా మాటలే మాటలు. ఏం కూర, మోకాళ్ళెట్టా ఉన్నయ్యి, అంతే, పెద్ద రాచకార్యాలేం కాదు. నాంచారమ్మ తల్లి పోయినప్పుడు మాత్రం, పక్కనే ఉండి పోయి పట్టుకునే రాత లేక, సీతారావమ్మ ఆ తీగలోనే ఓదార్చిందంట. ఆ తీగ లేకపోతే ఆ పిల్ల ఏమయ్యేదో.

ఇంతలో కోటిలింగం అదే లైను మీద నెట్టు పెట్టించాడు. ఎందుకనుకున్నారు? పద్యనాటకాలకి! అన్నం తినేసి వసారాలో కంప్యూటర్ ముందు కూచుంటాడు, సౌండు ఇల్లంతా వినబడేటట్టు. కృష్ణుడి వేషగాడు రాగం ఎత్తుకుంటాడు, ఆ... అని సాగదీస్తాడు, సరిగ్గా అక్కడ ఆగిపోద్ది. తెరమీద నోరు తెరిచి కృష్ణుడు, ఇవతల నోరు తెరిచి ఈయన. రోజూ రెండింటికే! ఈయనకి తిక్కరేగి మస్తానుని పిలిపించాడు. "ఒరే, లైనంతా తిరగేసి చూడు. పనికిరాని తీగ ఒక్కటి కనబడినా కోసి పారెయ్" అన్నాడు. ఆ మాట లోపల బియ్యం చెరుగుతున్న సీతారావమ్మ చెవిన పడింది.

మస్తాను స్తంభం కాణ్ణించి మొదలుపెట్టాడు. అంతా బాగానే ఉంది. మోడెం వైరు మార్చాడు, బాగానే ఉంది. ముందు గదిలో ఫోను ఎత్తి చూశాడు, దానికి, ఫోను ఎత్తినా నెట్టు పోకుండా కాపాడే చిన్న డబ్బా ఉంది, అదీ బాగానే ఉంది. "పిన్నీ, ఇంట్లో ఇంకో ఫోనేమన్నా ఉందా?" అంటే, "ఇంకోటెక్కడిది నాయనా, ఒకటే" అంది. అననే అంది, గోడమీద ఠక్, ఠక్. రెండయ్యింది మరి! అవతల నాంచారమ్మ ఫోను ఎత్తింది, ఇవతల నెట్టు లైటు ఆరిపోయింది, వసారాలో "మళ్ళీ పోయింది రోయ్!" అని కోటిలింగం కేక. మస్తాను గోడ వంక చూశాడు, సీతారావమ్మ వంక చూశాడు. ఆమె వాడి రెండు చేతులూ పట్టుకుంది. "నీకు దండం పెడతా, కొయ్యబాక నాయనా. నాంచారమ్మకి నేనూ నాకదీ తప్ప ఎవరూ లేరు" అని అంతా చెప్పేసింది.

వాడూ మనిషేగా. "ఊరుకో పిన్నీ" అని బియ్యం గోతాలు జరిపి, తీగ పట్టుకుని వంగి చూశాడు. గోడకి జానెడు దూరంలో ఎలక కొరికింది, ఎవరో అతుకేశారు. "ఫోను ఎత్తినప్పుడల్లా ఈ అతుకు గుర్రుమంటంది, నెట్టు పోతంది. ఎవరేశారు పిన్నీ దీన్ని?" అన్నాడు. నాకేం తెలుసురా అంటా ఆమె వంగింది. పోయిన వానల్లో ఫోను రెండు రోజులు మూగబోయి, మూడోరోజు దానంతటదే పలికితే, ఆంజనేయుడే కరుణించాడని కొబ్బరికాయ కొట్టొచ్చింది. ఇప్పుడు చూస్తే, రెండు తీగలూ మెలేసి, పొగాకు కర్రకి ఆకు కట్టే పురికొసతో బిగించి ఉన్నయ్యి. ముడి ఎడమకి తిరిగింది. ఆ ఊళ్ళో ఎడంచేత్తో ఆకు కట్టేవోడు ఒక్కడే. కొట్టిన కాయ దండగ!

"ఏం దొరికిందిరా?" అంటా కోటిలింగం రానే వచ్చాడు. మస్తాను గోతాన్ని తీగకి అడ్డంగా లాగబోయాడు. సీతారావమ్మకి మాత్రం ఏడేళ్ళ భయం ఏమయ్యిందో ఏమో, కొంగుతో కళ్ళు తుడుచుకుని, "నీ ముడి దొరికిందయ్యా" అంది. కోటిలింగం గోడ చూశాడు, చూరు చూశాడు. "ఫోను పలక్క రెండు రోజులు అన్నం ముందు పెట్టుకుని కెలుకుతా కూచుంటివి. చూడలేక కట్టా. అయితే ఏందంట ఇప్పుడు?" అని పైగా గదమాయింపు. "ఏం లేదు బాబాయ్, నీ పద్యం ఆగేది నువ్వు కట్టిన అతుకు వల్లే" అన్నాడు మస్తాను. ఆమెకి నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, ఏది ముందో తెలవక నోట్లో కొంగు కుక్కుకుంది.

మస్తాను అతుకు తీసేసి కొత్త తీగ వేశాడు. "అవతలి ఫోనుకి కూడా ఒక డబ్బా పెట్టాలి" అన్నాడు. "పెట్టు. నేను పంపించానని మాత్రం చెప్పబాక" అన్నాడు కోటిలింగం. వాడు చుట్టు తిరిగి అటు పోతే, పున్నయ్య గోడకి కుర్చీ ఆనించుకుని కూచోనున్నాడంట. డబ్బా పెట్టించుకున్నాడు, ఎందుకని అడగలా. వాడు గడప దాటబోతంటే మెల్లిగా, "మస్తానూ, ఇంక రాగం మధ్యలో ఆగదుగా? కాస్త సౌండు పెంచమను, ఇటు సగమే వినబడతంది" అన్నాడంట.

మస్తాను పోయి ఆ మాట చెప్పాడు. "వాడికి నేను వినిపించాలా!" అని కోటిలింగం ఎగిరి, ఎగిరి, కుర్చీలో కూచున్నాక పెంచాడు. అన్నదమ్ములు ఇప్పటికీ మాట్లాడుకోరు, అది వేరే సంగతి. పెంచిన సౌండు మాత్రం తగ్గించలా. ఆ వీధిలో మధ్యాహ్నం కునుకు తీసినోళ్ళు లేరు, పోయి అడిగే ధైర్యం చేసినోళ్ళూ లేరు. నేనుండేదీ ఆ వీధిలోనే, నాకు తెలవదా!